గీత మందం

“మా ఇంటి మీద ఎర్రరంగు ఏసింది నువ్వేనట గదనే పిల్లా?”

మల్లవ్వ ఆ మాట అరిచి అనలేదు. బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి, కోడలి ముఖంలోకి చూస్తూ, పక్కింటి సంగతేదో అడిగినట్టు అడిగింది. అరిచి ఉంటే హిమజ కూడా ఏదో ఒకటి అనగలిగేది.

ఆదివారం పొద్దున పది దాటింది. తలుపు తీసే ఉంది. గుమ్మానికి కుడివైపు గోడ మీద, శుక్రవారం సర్వేవాళ్లు పెయింటుతో రాసిపోయిన పన్నెండు అంకె, దాని చుట్టూ సున్నా. నాచారంలో వాననీళ్లు పోయే నాలా పక్కనున్న ఆ గల్లీలో అట్లాంటి అంకెలు ఒకటి నుంచి పన్నెండు దాకా పడ్డాయి. నాలా హద్దులోకి వచ్చాయని కూలగొట్టబోయే ఇళ్లట అవి. హిమజ మామ పోశయ్యది చివరి ఇల్లు, చివరి అంకె.

“ఎవరు చెప్పిన్రు అత్తమ్మా?”

“ఎవలు చెప్తె ఏంది? ఏడో ఇంటి దుర్గేష్ చెప్పిండు. వార్డాఫీసుల మ్యాపు అతికిచ్చిన్రట. కింద మీ కంపెనీ పేరున్నదట. మీ కోడలు చేసే పని గదే గదా అత్తా, అన్నడు. నాకు తల యాడ పెట్టుకోవాల్నో సమజ్ గాలె.”

హిమజ చేతిలో తడిబట్ట ఉంది. గ్యాసు స్టవ్వు తుడుస్తూ ఉన్నది ఆగిపోయింది. కాదు అనడానికి లేదు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మూడో అంతస్తులో ఉన్న ఆ కంపెనీలో ఆమె ఆరేళ్లుగా చేస్తున్న పని అదే. నాలా మ్యాపు ఆమె చేతి మీదుగానే పోయింది. బస్తీలు, నాలాలు, చెరువులు, అన్నీ ముక్కలు ముక్కలుగా ఆమె కంప్యూటర్‌లోకి వస్తాయి. ఆ నెలలో వచ్చిన ముప్పై షీట్లలో తన గల్లీ ఉన్న షీటు ఏదో కూడా ఆమె చూసుకోలేదు. అన్నిటి రంగులకూ గీతలకూ ఒకే స్టైల్ పెట్టి, ఒక్క దెబ్బలో ప్రింటుకు పంపింది.

“రంగు నేనే పెట్టిన అత్తమ్మా. కాని ఎవరిల్లు యాడుందో నేను చెప్పలె. కొలిచేది వేరేవాళ్లు. వాళ్లు కొలిచి తెచ్చింది చూసెటోళ్లకు అర్థమయ్యేటట్టు చేసుడే నా పని. ఇండ్లు పసుపు, దుకాండ్లు నీలం, నాలా హద్దు ఎరుపు. గంతే.”

“ఎరుపే ఎందుకు పెట్టినవ్?”

హిమజ మళ్లీ స్టవ్వు తుడవసాగింది.  కొట్టొచ్చినట్టు కనబడాలని పెట్టింది. మీటింగులో తెర మీద చూసి నలుగురూ బాగుందన్నారు. ఆ రోజు ఇంటికి వస్తూ మిర్చి బజ్జీలు కూడా కట్టించుకొచ్చింది.

గడప మీద కూచున్న ఆమె భర్త సురేష్ ఫోను పక్కన పెట్టాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. ఏది చెడిపోయినా విప్పి చూస్తే దొరుకుతుందని నమ్మే మనిషి.

“ఆఫీసుల నీ కంప్యూటరే గద. మన ఇల్లు ఒక్కటి పసుపు చేసెయ్యరాదు?”

“పసుపే ఉన్నది. గీత దాని మీదికెళ్లి పోయింది.”

“అయితే గీత జరుపు.”

“జరుపుతె నేల జరుగుతదా? రంగు మార్చినంత మాత్రాన లోపల రాసుకున్న కొలతలు మారవు.”

మల్లవ్వ చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. “రంగేస్తె ఇల్లు పోతదంట, రంగు తీస్తె ఇల్లు రాదంట. ఇదేం సదువు బిడ్డా?”

 వెనక అర్రలోంచి ఫ్యాను కిర్రుమనే చప్పుడు వస్తోంది.

వాకిట్లో కుర్చీ వేసుకుని కూచున్న పోశయ్య ఇదంతా విన్నాడు. వినలేదన్నట్టు గల్లీ మొగ వైపే చూస్తున్నాడు. దారం మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు నిలబడి పనిచేసిన మనిషి. ఈ అరవై గజాల్లో ఒక్కో గోడా ఒక్కో ఏడు లేపుకుంటూ వచ్చాడు. కోడల్ని ‘ఇంజినీరమ్మా’ అని పిలుస్తాడు, అది అందరి ముందూ చెప్పుకుంటాడు. శుక్రవారం నుంచి ఆమెను ఏమనీ పిలవలేదు.

హిమజ చాయ్ పెట్టుకుని పోయి కుర్చీ పక్కన స్టూలు మీద ఉంచింది.

“మామయ్యా, చాయ్.”

పోశయ్య గ్లాసు వంక చూశాడు. తీసుకోలేదు, వద్దనలేదు. కాసేపు నిలబడి ఆమె లోపలికి వచ్చేసింది. ఒంటిగంటకు మల్లవ్వ గ్లాసు తీసింది. మీద మీగడ కట్టి ఉంది.

*

సోమవారం పొద్దున ఆఫీసులో ఇంకా ఏసీ కూడా వేయలేదు. హిమజ సంచి భుజం మీదనుంచి దించకుండానే కంప్యూటర్ తెరిచింది.

నాలా మ్యాపు పైకి వచ్చింది. తన గల్లీని మొదటిసారి వెతుక్కుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మలుపు, పోచమ్మ గుడి, తర్వాత వరసగా చిన్న చిన్న పసుపు డబ్బాలు. వాటి మీదుగా వెడల్పాటి ఎర్ర పట్టీ. పన్నెండిళ్లూ దాని కింద సగం సగం మునిగి ఉన్నాయి. తెర మీద అది గీతలా లేదు, పరిచిన చాపలా ఉంది.

గీత మీద రెండుసార్లు నొక్కింది. స్టైల్ కిటికీ తెరుచుకుంది. మందం అన్నచోట మూడు మిల్లీమీటర్లని ఉంది.

ఆ మూడు ఆమె పెట్టిందే. మొదట్లో సున్నా పాయింట్ నాలుగు ఉండేది. రెండు వారాల కింద మీటింగులో ఒక పెద్ద ఆఫీసరు కళ్లద్దాలు సవరించుకుని, “గీత కనపడ్తలేదు, జర లావుగ పెట్టున్రి” అన్నాడు. పక్కనే ఉన్న సుధీంద్ర, ఆమె ప్రాజెక్టు మేనేజరు, వెంటనే ఆమె వైపు తల ఊపాడు. సున్నా పాయింట్ నాలుగు కొట్టేసి మూడు కొట్టింది. నాలుగు సెకన్ల పని. “ఆఁ, ఇప్పుడు బాగున్నది” అన్నాడు ఆఫీసరు.

హిమజ కాగితం తీసుకుని లెక్క వేసింది. ప్రింటు తీసిన షీటు మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద నాలుగు మీటర్లు. మూడు మిల్లీమీటర్లంటే పన్నెండు మీటర్లు. అసలు హద్దు ఆ పట్టీ నట్టనడుమ ఎక్కడో ఉంటుంది. దానికి అటు ఆరు, ఇటు ఆరు మీటర్లు ఒట్టి రంగు. ఆ ఆరు మీటర్లు ఎవరూ కొలిచింది కాదు. షీటు పట్టుకుని గల్లీలోకి వచ్చినవాళ్లు ఎరుపు తగిలిన ప్రతి ఇంటికీ అంకె వేసుకుంటూ పోయారు.

మళ్లీ వేసింది. అంతే వచ్చింది. 

మందం తగ్గించింది. రెండు. ఒకటి. సున్నా పాయింట్ రెండు. పట్టీ సన్నబడి సన్నబడి దారప్పోగులా అయ్యింది. పసుపు డబ్బాలు దాని కిందనుంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఒకటో ఇల్లు, హద్దుకు ఇవతలే ఉంది. రెండు. మూడు. దుర్గేష్‌ది ఏడు, రెండు మీటర్లకు పైగానే ఇవతల. లెక్కపెడుతూ పోతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు.

పన్నెండు దగ్గర గీత ఇంటిని తాకింది.

దగ్గరికి జరిపి చూసింది. ముందు భాగమంతా ఇవతలే ఉంది. వెనక చిన్న చదరం ఒకటి, మిగతా ఇంటికి తర్వాత అతికినట్టు, గీత దాటి అవతలికి పొడుచుకుని పోయింది. కొలత పరికరం తీసి ఒక చివర నొక్కింది, ఇంకో చివర నొక్కింది. ఒకటి పాయింట్ నాలుగు మీటర్లు.

అది తనూ సురేషూ పడుకునే అర్ర.

నాలుగేళ్ల కింద, పెళ్లికి ముందు, పోశయ్య కట్టించాడు. కట్టించడమేమిటి, మేస్త్రీ పక్కన నిలబడి ఇటుకలు తనే అందించాడు. ‘ఉద్యోగం చేసే పిల్ల వస్తున్నది, ఈ ఇరుకుల ఎట్లుంటది’ అన్నాడట. వెనక బట్టలారేసుకునే జాగా ఉంటే అందులోకి జరిపాడు. నాలా వైపు కిటికీ కూడా పెట్టించాడు. దోమల వల్ల ఆ కిటికీ ఏనాడూ తెరవలేదు.

ఇంటి మీద నొక్కితే దాని వివరాల పట్టిక వచ్చింది. హద్దులో ఉందా? అవును, కాదు. రెండే మాటలు పట్టే గడి అది. ఒక్క అర్ర మాత్రమే, అదీ ఒక్క మూల మాత్రమే అని రాయడానికి అందులో చోటు లేదు.

*

సుధీంద్ర విజయవాడ వైపు మనిషి. మెత్తగా మాట్లాడతాడు. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూచుని, తనే మందం మార్చి మార్చి చూశాడు. ముఖం పాలిపోయింది.

“ఈ షీటు సంతకాలైపోయి వెళ్లిపోయింది హిమజగారూ.”

“తప్పు కదా సార్. గీతను చూసి ఇళ్లకు అంకెలేశారు.”

“గీత లావు చేయమన్నది వాళ్లే కదా?”

“చేసింది నేను సార్.”

అతను నుదురు రుద్దుకున్నాడు. “మీ ఇల్లు ఇందులో ఉందని ముందే చెప్పి ఉండాల్సింది.”

“నాకే తెలియదు సార్.”

“నేను నమ్ముతాను. పైవాళ్లు నమ్మాలి కదా? అంకె పడ్డ ఇంటి కోడలే వచ్చి గీత తప్పంటే ఎవరైనా ఏమనుకుంటారు చెప్పండి.”

హిమజ మేజా అంచు పట్టుకుని నిలబడింది.

సుధీంద్ర కుర్చీలోంచి లేచాడు. “ఒక పని చేయండి. రాసివ్వండి. మందం ఎంత, నేల మీద ఎంత పడింది, ఒక్కో ఇల్లూ అసలు హద్దుకు ఎంత దూరంలో ఉంది, అంతా కొలిచి రాసి సంతకం పెట్టి ఇవ్వండి. దాని మీద నేనూ సంతకం పెట్టి పైకి పంపుతా. ఉద్యోగం పోతే ఇద్దరికీ పోతుంది, సరే.” ఆగాడు. “కానీ పన్నెండూ రాయాలి. పదకొండు రాసి మీది వదిలేస్తే నేను పంపలేను. అది మీకూ తెలుసు.”

“తెలుసు సార్.”

“రేపు సాయంత్రం లోపల ఇవ్వండి. తర్వాత ఈ ఫోల్డరు మన టీములో గీతికకు అప్పజెప్తాను. మీ ఇల్లున్న పని మీ చేతిలో ఉంచడం మీకే మంచిది కాదు.”

  తన గది వైపు వెళ్లిపోయాడు.

*

సాయంత్రం సురేష్ బండి మీద వచ్చాడు. హబ్సిగూడ దాటాక హిమజే అతని భుజం తట్టి ఆపమంది. రోడ్డు పక్క హోటల్లో రెండు చాయ్‌లు చెప్పుకుని ఎదురెదురుగా కూచున్నారు. ఆమె చెబుతుంటే సురేష్ ముఖం విప్పారుతూ వచ్చింది.

“అయితే పదకొండు ఇండ్లకు ఏం ఫికర్ లేదన్నట్టు.”

“ఊఁ.”

“మనకు?”

ఆమె గ్లాసులోకి చూసింది. “ఎనుక అర్ర మీటరున్నర దాక అవతలుంది.”

సురేష్ గ్లాసు కింద పెట్టాడు. “నాయిన కట్టిన అర్ర.”

“ఊఁ.”

“మన కోసం కట్టిన అర్ర.”

హోటలతను వచ్చి బిస్కట్లు కావాలా అని అడిగి, ఇద్దరి ముఖాలూ చూసి వెళ్లిపోయాడు.

“రాయకు,” అన్నాడు సురేష్.

“రాయకుంటె పదకొండు ఇండ్లు...”

“రాస్తె మన ఇల్లు నీ సంతకంతోని పోతది. నాయినకు ఏమని చెప్తవ్? ఎల్లుండి అందరు కలిసి పెద్దాఫీసుకు పోతున్రు. నాయిననే ఇల్లిల్లు తిరిగి ఒప్పిచ్చిండు. పన్నెండిండ్లోళ్లు పోయి నిలబడితె ఎవడన్న ఇంటడు. ఒక్కడు పోతె గేటుకాడనే ఆపుతరు.”

“దుర్గేషన్న నిన్న సామాను మూటలు కడుతున్నడు. వాళ్ల చిన్నదాన్ని బడి మాన్పిచ్చిండట. ఏం కాదని నాకు తెల్సు. తెల్సి ఆయన ముంగటికెళ్లి ఎట్ల నడవాలె నేను?”

“నన్నడుగుతవేంది?” సురేష్ గొంతు పెరిగింది. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. గొంతు తగ్గించాడు. “నాకేం తెలుస్తది హిమా. లిఫ్టు ఆగితె లోపలోళ్లను ముందుగాల బయటికి తీయాలె, గదే మాకు నేర్పిచ్చిన్రు. ఈడ ఎవలు లోపల, ఎవలు బయట? నాకైతె సమజ్ గాలె.”

ఆమె అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను అప్పటికే లేచి గల్లాపెట్టె వైపు నడుస్తున్నాడు.

 గల్లీ మొదట్లో ఆమె బండి దిగేముందు, తల తిప్పకుండా అన్నాడు. “ఈ రెండు దినాలు ఊకో. బుధవారం దాటనియ్యి. నీకు దండం పెడ్త.”

*

వాళ్ల వాకిట్లో జనం ఉన్నారు. ఇంకా వెలుతురుంది. పోశయ్య కుర్చీ చుట్టూ పది పన్నెండు మంది, కొందరు మెట్ల మీద, కొందరు గోడకు ఆనుకుని. దుర్గేష్ వార్డాఫీసులో మ్యాపును ఫోటో తీసి, జిరాక్సు షాపులో పెద్దగా ప్రింటు తీయించుకొచ్చాడు. దాన్ని స్టూలు మీద పరిచి ఉంచారు. గాలికి లేవకుండా ఒక మూల మీద మల్లవ్వ వక్కల డబ్బా.

హిమజ తల వంచుకుని లోపలికి పోబోయింది.

“హిమజా. ఇటు రా బిడ్డా.”

పోశయ్య. శుక్రవారం తర్వాత మొదటి మాట. మల్లవ్వ కూడా ఉలిక్కిపడి చూసింది.

“నువ్వు చేసినదే గద ఇది. ఎల్లుండి గాడ మేము ఏం అడగాలె, ఎట్ల అడగాలె? జర సమజ్ చెయ్యి.” పక్కనున్నవాళ్ల వైపు తిరిగాడు. “మా ఇంజినీరమ్మ చెప్తది ఇనుండ్రి. నౌకరి చేసేకాడ ఆమె చేతుల ఏముంటది? మనిషిని అనుకోని లాభం లేదు.”

 సురేష్ బండి స్టాండు వేస్తూ అట్లాగే ఆగిపోయి, కొద్దిగా తల అడ్డంగా ఊపాడు.

హిమజ స్టూలు దగ్గరికి వచ్చి కూచుంది. ప్రింటులో ఎరుపు మరీ ముదిరి, రాగి రంగులోకి తిరిగింది. దుర్గేష్ భార్య చిన్నపిల్లను చంకనేసుకుని అందరి వెనకా నిలబడి, మునివేళ్ల మీద లేచి చూస్తోంది. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి.

“ఈ గీత ఇంత లావుండదు మామయ్యా,” అంది హిమజ.  “లావు నేను పెట్టిన. కనపడాలని పెట్టిన. అసలుది దీని నడిమిట్ల దారమంత ఉంటది. మిగిలింది ఒట్టి రంగే. వాళ్లు రంగును చూసి అంకెలు ఏసిన్రు. పొద్దున కొలిచి చూసిన. పదకొండు ఇండ్లు గీతకు ఇవతలనే ఉన్నయి.”

గల్లీలో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది.

“ఏమంటున్నవ్ చెల్లే?”

“పక్కానా? నీ మాట మీదనా?”

“ఏడో నంబరు? మాది ఏడో నంబరు తల్లీ!”

“ఏడు ఇవతలనే ఉందన్నా. రెండు మీటర్లు ఇవతల. రాసిస్త నేను.”

దుర్గేష్ భార్య పిల్లను గట్టిగా హత్తుకుని మెట్ల మీద కూలబడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. పోశయ్య నవ్వాడు. మూడు రోజుల గడ్డంలో ఆ నవ్వు మరీ ముసలిగా ఉంది.

“పదకొండు గాదు బిడ్డా, పన్నెండు. మళ్ల లెక్కపెట్టు.”

హిమజ లెక్కపెట్టలేదు. కాగితం మీద పన్నెండో ఇంటి వెనక మూల వేలు ఆనించి ఉంచింది, అంతే.

పోశయ్య వంగి ఆ వేలు ఎక్కడుందో చూశాడు. కళ్లద్దాలు లేవు, ఇంకా వంగాడు.  తర్వాత మెల్లగా తల తిప్పి, తెరిచి ఉన్న తలుపులోంచి, ముందు గది దాటి, వంటిల్లు దాటి, వెనక అర్ర తలుపు కనబడేదాకా చూశాడు. మల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చప్పట్లు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు. మెట్ల మీదివాళ్లు లేచారు. గోడకు ఆనుకున్నవాళ్లు సర్దుకుని నిలబడ్డారు. దుర్గేష్ వక్కల డబ్బా తీసి మల్లవ్వకు అందించి, కాగితం నాలుగు మడతలు పెట్టాడు.

“మామా,” అన్నాడు. 

“బుధవారం తొమ్మిదింటికి అనుకున్నం గద,” అన్నాడు పోశయ్య. “అందరు ఈడికే రాండ్రి. ఈడికెళ్లే పోదాం.”

సరే అని ఎవరూ అనలేదు. ఒకాయన ఫోను తీసి చూసుకున్నాడు. ఇద్దరు ముగ్గురు ఇళ్ల వైపు మళ్లారు.

“తొమ్మిదింటికి,” అన్నాడు పోశయ్య మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా.

దుర్గేష్ తల వంచుకుని వాకిట్లో తన చెప్పులు వెతుక్కుంటున్నాడు.